మృగశిర ముంగిట



ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టడం అయిందా అండీ? వడియాలు ఎండబెట్టిన పాత చీరలు దులిపి మడత పెట్టారా? పిల్లల పుస్తకాలకు అట్టలు వేశారా? ఇంకా లేదంటే కాస్త తొందరపడండి. రోహిణి కార్తె చివరికొచ్చింది. సాయంకాలం పూట పడమటి దిక్కున ఓ మబ్బుతునక కనిపిస్తోంది. కాస్త గాలి రేపి, వాకిట్లో ఆరేసిన బట్టల మీద ఇంత దుమ్ము పోసి, నాలుగు చినుకులైనా రాల్చకుండా వెళ్ళిపోతోంది. ఎండాకాలం గడప దాటడానికి సిద్ధంగా ఉందన్నమాట.

ఈ నాలుగు రోజులంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. నా పుట్టిల్లు పాలమూరు, మెట్టినిల్లు నల్లగొండ. రెండూ మెట్టసీమలే. ఎర్ర చెలకలు, నల్లరాతి గుట్టలు, అక్కడక్కడా ఓ తాటివనం, ఓ ఈతవనం. కృష్ణమ్మ రెండు జిల్లాల అంచునే పారుతున్నా, ఆకాశం కరుణిస్తేనే ఎసరు పెట్టుకున్న ఊళ్ళు మావి. అందుకే కాబోలు, వేసవి వెళ్ళిపోతోందంటే మా వైపు ఇంట్లో ఎవరికో జ్వరం తగ్గి లేచి కూర్చున్నట్టుగా ఉంటుంది.

ఈసారి రేడియోలో చరిత్ర మీద ఏదన్నా మాట్లాడమన్నారు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ చెప్పమంటే మా అమ్మాయి పుస్తకాలు వెతుక్కోవలసిందే. కానీ మన వంటింట్లోనూ, వాకిట్లోనూ జరిగే చిన్న చిన్న సంబరాలకు కూడా ఓ చరిత్ర ఉంది. వేసవి చివర ఇల్లాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కలిసి చేసుకునే ఆ సంబరాల సంగతే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

ఈ ధైర్యం నాకిచ్చినవారు మా పాలమూరు పెద్దాయనే, సురవరం ప్రతాపరెడ్డిగారు. 1896 మే 28న, అంటే సరిగ్గా రోహిణి కార్తెలో, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా, 350 మందికి పైగా కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చేతికిచ్చారు. 1949లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వచ్చింది. 1953లో ఆయన కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఆ పుస్తకానికే దక్కింది.

ఆ పుస్తకంలో ఏముందంటారా? రాజు ఎవర్ని గెలిచాడన్నది తక్కువ. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఆడవాళ్ళు ఏ నగలు పెట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు, ఏ పండుగ ఎలా జరుపుకున్నారు అన్నది ఎక్కువ. పాత కావ్యాల్లోంచీ, శాసనాల్లోంచీ, సామెతల్లోంచీ, చాటలో పప్పు ఏరినట్టు గింజ గింజ ఏరారాయన. అంత పెద్దవారే కూరా నారా, ఆటా పాటా చరిత్ర అన్నప్పుడు, మనం మన జాడీల గురించి మాట్లాడుకుంటే తప్పేముంది చెప్పండి?

ముందు కార్తె సంగతి చూద్దాం. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలను దాటుకుంటూ పోతాడని పంచాంగం లెక్క. 365 రోజులను 27తో భాగిస్తే పదమూడున్నర వస్తుంది. కాబట్టి ఒక్కో కార్తె 13, 14 రోజులు. రోహిణి సుమారుగా మే 25న, మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర జూన్ 21, 22 తేదీల్లో వస్తాయి. ఏటా ఇంతే, పెద్దగా మారదు. పండుగలు అలా కాదు. అవి చంద్రుడి లెక్క. అధికమాసం పడిందంటే నెల అటూ ఇటూ జరిగిపోతాయి. ఏరువాక పున్నమే చూడండి, 2023లో జూన్ 4న వచ్చింది, 2024లో జూన్ 21 దాకా రాలేదు. వాన చంద్రుణ్ణి చూసి రాదు కదా! అందుకే పెద్దలు పండుగకు తిథి, పంటకు కార్తె అని రెండు లెక్కలు పెట్టుకున్నారు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికి తెలంగాణ చేరతాయి. వాతావరణ శాఖ ఇప్పుడు చెప్పే ఆ మాటనే మా అవ్వలు ‘మృగశిర’ అని ఒక్క ముక్కలో చెప్పేవారు.

రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. అది నవ్వులాటకన్న మాట కాదండీ. 2015 మే నెల గుర్తుందా? ఆ వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో మా నల్లగొండ వాళ్ళూ ఎందరో. ఎక్కువమంది ఎండలో పని తప్పనివాళ్ళూ, వయసు మళ్ళినవాళ్ళూను. మృగశిర చిందిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందని ఇంకో సామెత. ఆ రెండు సామెతలకూ మధ్య పదిహేను రోజుల దూరమే. ఆ పదిహేను రోజులూ ప్రాణాలు బిగబట్టుకుని గడిపినవాళ్ళకే ఆ రంకె విలువ తెలుస్తుంది.

మృగశిర మొదటిరోజున మీ ఇళ్ళల్లో ఏం తింటారు? మా పుట్టింట్లో తెల్లవారగానే స్నానాలయ్యాక అమ్మ అందరినీ వరసగా కూర్చోబెట్టి, కొత్త బెల్లంలో చిటికెడు ఇంగువ కలిపి చిన్న చిన్న ఉండలు చేసి చేతిలో పెట్టేది. ఎండ పోయి తేమ వచ్చే వేళ ఒంట్లో వేడి నిలవాలని, అరుగుదల బాగుండాలని అలా తినమనేవారు. మాకు బెల్లం కావాలి, ఇంగువ వద్దు. అమ్మ చూడకుండా ఇంగువ ఉన్న భాగం తీసి పారేయాలని చూసేవాళ్ళం. ఆ ఇంగువ ఎక్కడిదో తెలుసా మీకు? ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ దేశాల చలికొండల మీద పెరిగే మొక్క వేరునుంచి కారిన పాలు అది. వేల ఏళ్ళుగా మన వంటల్లో వేసుకుంటున్నా మన దేశంలో దాన్ని సాగు చేయడం మొదలైంది మొన్న 2020లో, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో. మరి పాలమూరు పెంకుటింట్లో మేం పారేయాలని చూసిన ఆ చిటికెడు, ఎన్ని కనుమలు దాటి, ఎన్ని చేతులు మారి వచ్చిందో!

మాంసాహారుల ఇళ్ళలో ఆ రోజు చేపల పులుసు ఉండవలసిందే. చెరువుకట్టల మీదా, చేపల బజార్లలోనూ తెల్లవారుజామునుంచే జనం. కొర్రమట్ట అంటే మా వైపు ప్రాణం పెడతారు. అదే ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప కూడా. జూరాల దగ్గర కృష్ణలో పట్టిన చేపల్ని అక్కడే వేయించి పెట్టే చిన్న హోటళ్ళ ముందు కార్లు బారులు తీరుతాయి. హైదరాబాదులో బత్తిన వారి చేపమందు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 1845 నుంచీ ఇస్తున్నామని ఆ కుటుంబం వారు చెబుతారు. ఉబ్బసం దానితో పోతుందనడానికి రుజువు లేదని శాస్త్రజ్ఞులంటారు. కాబట్టి నేనైతే డాక్టరిచ్చిన మందు మానకండనే చెబుతాను. కానీ ఎక్కడెక్కడినుంచో జనం మృగశిర నాడే అక్కడికి రావడం చూస్తే, ఈ కార్తె మీద మనవాళ్ళకున్న నమ్మకం ఎంత లోతైందో తెలుస్తుంది.

ఇక పచ్చడి. మా వైపు దాన్ని తొక్కు అంటాం. కొల్లాపూరు తోటల మామిడికాయలు బుట్టల్లో దిగేవి. కాయ కొట్టేవాళ్ళు వాకిట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంటే, పిల్లలం జీడి ఏరి, ముక్క తుడిచి ఇచ్చేవాళ్ళం. నూనె పల్లీనూనె. గద్వాల, వనపర్తి, అచ్చంపేట చెలకల్లో పండిన పల్లీలే గానుగకెళ్ళేవి. ఇదంతా అనాదిగా వస్తున్న ఆచారమని మనం అనుకుంటాం కదా? మిరపకాయా, పల్లీ రెండూ అమెరికా ఖండంలో పుట్టినవి. పోర్చుగీసు ఓడలు ఈ తీరానికి వచ్చిన తర్వాతే, అంటే 16వ శతాబ్దంలోనే, మిరప మనకు చేరింది. అంతకుముందు కారం కావాలంటే మిరియాలే. కాకతీయుల కాలపు ఇల్లాలు మామిడికాయ ఊరబెట్టుకుని ఉండవచ్చు గానీ ఈ ఎర్రటి తొక్కు మాత్రం ఆమె ఎరగదు. మన అమ్మమ్మలు ఎక్కడిదో పరాయి గింజను తీసుకుని, దాన్ని మన ఇంటి రుచి చేసేశారు. ఎవరి పేరూ ఏ శాసనంలోనూ లేదు, కానీ ఎంత గొప్ప పనో చూడండి.

వానాకాలపు తేమ రాకముందే తొక్కు పెట్టేయాలి. లేకపోతే బూజు పడుతుంది. అందుకే ఆ హడావిడి. నిలవ పెట్టడమంటే రేపటి మీద నమ్మకం పెట్టుకోవడమే. ఆ మాట నాకెలా తెలిసిందో చివర్లో చెబుతాను.

ఏరువాక పున్నమి జ్యేష్ఠ పౌర్ణమి నాడు. ఎద్దులకు స్నానాలు చేయించి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, నాగలికి పసుపు కుంకుమలు పెట్టి తొలి సాలు దున్నే పండుగ. నారాయణపేట దాటి కన్నడ సీమలో అడుగుపెడితే అదే రోజున ఎద్దుల పండుగ, కారహుణ్ణిమె అంటారు వాళ్ళు. భాష మారినా ఎద్దు మారలేదు. ఈ పండుగ ఎంత పాతదంటే, బుద్ధుడి చిన్ననాటి కథలోనే ఉంది. శుద్ధోదన మహారాజు ఏరువాక సాగించే రోజున దాదులు పిల్లవాణ్ణి నేరేడుచెట్టు కింద పడుకోబెట్టి దున్నకం చూడ్డానికి వెళ్ళిపోయారట. తిరిగి వచ్చేసరికి ఆ పసివాడు లేచి ధ్యానంలో కూర్చుని ఉన్నాడట. పాత నల్లగొండ జిల్లాలో ఫణిగిరి కొండ మీద రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డాయి. ఆ కొండ మీది భిక్షువులు ఈ కథ చెప్పుకునే ఉంటారు. మనకూ తొలకరి వేళే కదా నేరేడుపళ్ళు రాలేది! నోరంతా ఊదారంగు చేసుకుని పిల్లలు ఇంటికొస్తే తిట్టకండి. ఆ చెట్టు కింద ఎవరు కూర్చున్నారో గుర్తు చేసుకోండి.

అయితే ఈ ఏరువాక సంతోషం అందరికీ ఒకేలా ఉండేది కాదు. నిజాం కాలంలో మన ఊళ్ళలో వెట్టి ఉండేది. తొలకరి పడగానే రైతు తన నాగలి ముందు దొర చేనులోకి తోలాలి. అక్కడ దున్నడం అయ్యాకే తన చెలక. ఈలోగా పదును ఆరిపోయేది. ఆడవాళ్ళు దంచడం, విసరడం, నీళ్ళు మోయడం కూలి లేకుండా చేయాలి. ఆ కాలంలోనే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షులు మన సురవరం వారే. దాని పక్కనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. మరుసటేడు 1931లో మా నల్లగొండ జిల్లా దేవరకొండలో రెండో సభ. ఆ తర్వాత 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం మీరెరిగిందే. 1951 ఏప్రిల్ 18న, మండే ఎండల్లో, వినోబాభావేగారు కాలినడకన పోచంపల్లి చేరారు. అక్కడి భూమిలేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. తన ఎద్దులతో, తన చెలకలో, తన ఇష్టమొచ్చిన వేళకు తొలి సాలు వేసుకోవడం ఎంతమంది కష్టపడితే వచ్చిన హక్కో ఇప్పటి పిల్లలకు మనమే చెప్పాలి.

మరి చెలక దక్కినా నీళ్ళేవి? ఇది చెప్పకుండా పాలమూరు కథ చెప్పలేం. జూరాల ఆనకట్టలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వాటి మట్టం సముద్రమట్టానికి 318 మీటర్లు. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. నది బావిలో, మనం గట్టు మీద అన్నమాట. చేద లేనిదే నీళ్ళు పైకి రావు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. యంత్రాల కంటే మనుషుల చేతులే ఎక్కువగా మోసి కట్టిన రాతి ఆనకట్ట అది. అక్కడా, దేశంలో ఇంకెన్నో ఆనకట్టల దగ్గరా, కాలువల దగ్గరా రాళ్ళు మోసినవాళ్ళలో మా పాలమూరు కూలీలున్నారు. ఊరూరా నీళ్ళు పారించి, తమ ఊరికి దప్పికతో తిరిగొచ్చినవాళ్ళు.

వాళ్ళను తీసుకెళ్ళేవాణ్ణి గుంపు మేస్త్రీ అనేవారు. దసరా దీపావళి రోజుల్లో ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. అది పట్టిన ఆలుమగలు మూట కట్టుకుని బొంబాయో, పూనానో, ఇంకెక్కడో కాలువ పనికో వెళ్ళిపోయేవారు. పసిపిల్ల ఉంటే చంకలో, కాస్త పెద్దదైతే అవ్వ దగ్గర. తొలకరికి ఊరు చేరితే చేరినట్టు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం, 1979లో వలస కూలీల కోసం మరో చట్టం వచ్చాయి. కాగితం మీదికి రావడం వేరు, మేస్త్రీ లెక్కల పుస్తకంలోకి రావడం వేరు కదండీ!

ఇప్పుడు మా పెరటి అవ్వ కథ చెబుతాను. మా ఇంటి వెనక గుడిసెలో ఉండేది. కొడుకూ కోడలూ వలసపోతే మనవరాలిని పెట్టుకుని ఉండేది. ఆ పిల్లా నేనూ ఒక ఈడు వాళ్ళం. ఎండాకాలం రాత్రులు వాకిట్లో నీళ్ళు చల్లి, నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. ఆ పిల్ల కూడా మా మంచం మీదికి చేరేది. ముంజలు తిన్నా, ఈతపళ్ళు ఏరుకున్నా, తొలివాన పడ్డాక ఎర్రమఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెలో పెట్టుకున్నా ఇద్దరం కలిసే. 

సెలవుల చివర్లో ఒకసారి నాన్న మమ్మల్ని పిల్లలమర్రికి తీసుకెళ్ళారు. ఆ పిల్లనూ వెంటబెట్టుకెళ్ళాం. ఊరికి నాలుగు కిలోమీటర్లు. సుమారు 700 ఏళ్ళ మర్రి అంటారు, దాదాపు మూడెకరాల్లో ఊడలు దిగి ఉంటుంది. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ విరిగిపడితే చెదలు తినేసిందని తెలిసి, 2018లో ఆసుపత్రిలో రోగికి కట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. పేపర్లో ఆ ఫోటో చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ చెట్టు కింద పులిహోర తింటూ మేం ఊడలు పట్టుకుని ఊగుతుంటే, ఆ పిల్ల మాత్రం అటూ ఇటూ నడిచి ఏదో లెక్కపెట్టుకుంది. ఏమిటే అంటే, “మా అమ్మోళ్ళ గుంపంత ఇక్కడ పండుకోవచ్చు” అంది. పని దగ్గర వాళ్ళమ్మానాన్నా చెట్ల కింద పడుకుంటారని అప్పుడు తెలిసింది నాకు.

అవ్వ కూడా మా అమ్మతోపాటే తొక్కు పెట్టుకునేది. నాలుగంటే నాలుగు కాయలు. చిన్న జాడీ. మా ఇంట్లో మూడోనాడే జాడీ తెరిచి వేడివేడి అన్నంలో కలిపి అందరికీ ముద్దలు పెట్టేవారు. అవ్వ మాత్రం వాసెన విప్పేది కాదు. “పిల్లలొచ్చినంక తీద్దాం బిడ్డా. ఇప్పుడే తెరిస్తే వాళ్ళకేం మిగుల్తది?” అనేది. మృగశిరకు గుడిసె గోడలు ఎర్రమన్నుతో అలికి, ముగ్గు పెట్టి, దారి చూసేది. కొడుకూ కోడలూ వచ్చిన రోజునే ఆ ఇంట్లో కొత్త తొక్కు. మా ఇంట్లో ఇంగువ బెల్లం పండుగైతే, వాళ్ళింట్లో వాసెన విప్పడం పండుగ.

నాకు పదేళ్ళప్పుడు, ఒక ఏడు మృగశిర వచ్చింది. వాన పడింది. ఊళ్ళో నాగళ్ళు కదిలాయి. వాళ్ళు రాలేదు. మేస్త్రీ లెక్క తేలలేదంటున్నాడని ఎవరో కబురు తెచ్చారు. అవ్వ ఓ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి రాయమంది. నేను నా జన్మలో ఇంకొకరి మాటను కాగితం మీద పెట్టడం అదే మొదలు. “వాన పడ్డది. చెలక దున్నెటోళ్ళు లేరు. పిల్ల మంచిగున్నది. తొక్కు జాడి ముట్టలె.” అంతే చెప్పింది. ఇంకేమన్నా రాయాలా అవ్వా అంటే, అంతా అందులోనే ఉందంది.

ఆరుద్ర పోయింది. పునర్వసు పోయింది. శ్రావణంలో ఓ సాయంత్రం వాళ్ళు వచ్చారు. అవ్వ ఆ రాత్రే వాసెన విప్పింది. కార్డు రాసినందుకు తొలి ముద్ద నాకు పెట్టింది. ఆ రుచి నేనిప్పటికీ చెప్పలేను. కానీ పదును దాటిపోయింది. ఆ ఏడు చెలక బీడుపడింది. బీడుపడ్డ ఇంటికి మళ్ళీ అడ్వాన్సే దిక్కు. దసరాకు వాళ్ళు మళ్ళీ వెళ్ళారు. ఈసారి నా స్నేహితురాలినీ తీసుకెళ్ళారు, పనికి రెండు చేతులు కలిసొస్తాయని. అయిదో తరగతిలో నా పక్క చోటు ఖాళీ అయింది. నేను పదో తరగతి దాకా చదివి, రేడియోలో మాట్లాడుతున్నాను. మా ఇద్దరిలో తెలివైనది తనే. ఎక్కాలు నాకు తనే నేర్పింది.

ఇదంతా దిగులు పెట్టడానికి చెప్పలేదండీ. తర్వాత చాలా మారింది. కొల్లాపూరు దగ్గర ఎల్లూరులో కృష్ణనీళ్ళను పైకెత్తి కల్వకుర్తి ఎత్తిపోతలతో పొలాలకు మళ్ళించారు. మా నల్లగొండ పక్కనే పానగల్లులో కందూరు చోళుల నాటి ఉదయసముద్రం చెరువుకు ఇప్పుడు సాగర్ నీళ్ళొస్తున్నాయి. వేసవి చివర ఆ కట్ట మీద సాయంత్రం నడవడం మా ఇంట్లో అందరికీ సరదా. మర్రిగూడ లాంటి చోట్ల ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన తరం ఒకటుంది. ఆ నీళ్ళను పటికా, సున్నంతో శుభ్రం చేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ విధానం’ అనే పేరుంది. ఊరి కష్టం పేరే ఆ మందుకూ పేరైంది. 2015 జూన్ 8న, సరిగ్గా మృగశిర రోజుల్లో, ఇంటింటికీ నదినీళ్ళిచ్చే పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. పంపు తిప్పితే నీళ్ళు రావడం మామూలైపోయిన పిల్లలకు, బిందె పట్టుకుని నిలబడిన అమ్మమ్మల సంగతి చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఇప్పుడు మా ఇంట్లో మృగశిర వేరేగా ఉంటోంది. మా అమ్మాయి హాస్టల్లో చదువుతోంది. జూన్ వస్తే పెట్టె సర్దుకుంటుంది. నేను చిన్న సీసాలో తొక్కు పెట్టి, నూనె కారకుండా గుడ్డ చుట్టి ఇస్తాను. అవ్వ ఇంటికి జూన్ నెల మనుషుల్ని తెచ్చేది, మా ఇంటినుంచి తీసుకుపోతోంది. పిల్ల బస్సెక్కాక ఇంటికొచ్చి జాడీ మూత పెడుతుంటే అవ్వ గుర్తొస్తుంది. ఆ ఎదురుచూపు ఎలాంటిదో కొంచెం, ఆవగింజంత, అర్థమవుతోంది. నా పిల్ల చదువుకోవడానికి వెళుతోంది. ఆ పిల్ల చదువు మానేసి వెళ్ళింది. ఈ తేడా మరిచిపోతే నాకు అన్నం సయించకూడదు.

చివరగా ఒక్క కోరిక. ఈ మృగశిరకు ఇంగువ బెల్లం తిన్నాక, ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. మీ చిన్నప్పుడు తొలివాన నాడు ఏం చేసేవారు, ఎవరు ఇంట్లో ఉండేవారు, ఎవరు లేరు అని అడగండి. చెప్పినదాన్ని పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాల మీద రాసిపెట్టండి. తేదీ వేయడం మరవకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి పిల్ల ఈ జూన్‌లో బడికి వెళుతోందో లేదో కూడా ఒక్క మాట కనుక్కోండి. వెళ్ళకపోతే ఆ తల్లితో కలిసి బడిదాకా నడవండి. మహా అయితే ఓ పూట వంట ఆలస్యమవుతుంది, అంతే కదా.

మబ్బు కమ్ముతున్నట్టుంది. ఆరేసిన బట్టలు తీసుకురావాలి. ఉంటానండీ.